రత్నం కదపవద్దు

పెనుగొండ,
జూన్ 10, 2002.

శ్రీమతి తలుపులమ్మ గారికి,

నమస్కారం. నేను సత్యప్రసాద్‌ని. మొన్న గురువారం మీరూ మీ ఆయన పల్లంరాజు గారూ వచ్చి అంబాసిడర్ కారు కొనుక్కెళ్లారు కదా, ఆ కిరాణా కొట్టాయన్ని. రావులపాలెం బ్రోకర్ అప్పాజీ దగ్గర మీ చిరునామా తీసుకుని రాస్తున్నాను. అమ్మేసినవాడు మళ్లీ ఉత్తరం రాశాడంటే ఏదో మెలిక పెడతాడని కంగారు పడకండి. ఆ రోజు వర్జ్యం రాకముందే బండి గడప దాటాలన్న తొందరలో చెప్పాల్సినవి సగం కూడా చెప్పలేదు. అప్పట్నుంచి నా మనసు మనసులో లేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ అన్నవాళ్లెవరూ పాత కారు కొని ఉండరు.

ముందుగా, దాని పేరు రత్నం. అన్నవరంలో రత్నగిరి మీద పూజ చేయించిన రోజు మా అమ్మ పెట్టిన పేరు. మీటరులో అంకె చూసి చిన్నపిల్ల అనుకోకండి. ఆ మీటరు రెండుసార్లు సున్నాకి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది. చెప్పొద్దని అప్పాజీ సైగ చేస్తున్నా మీ ఎదుటే చెప్పాను. ఆ తిరుగుడంతా చాలావరకు కొండకే. ఈ చుట్టుపక్కల ఎన్ని కొత్త జంటలు అందులో వ్రతానికి వెళ్లొచ్చాయో లెక్కలేదు.

ఉదయం తాళం తిప్పే ముందు రేడియేటర్లో నీళ్లు చూడండి. పోయినేడాది రాజమండ్రిలో పెట్టించిన గ్యాస్ కిట్టు కూడా ఆ వేడినీళ్ల మీదే పనిచేస్తుంది. పెట్రోలు మీద స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక డాష్‌బోర్డు కింద స్విచ్చి గ్యాస్ వైపు తిప్పండి. సాయంత్రం ఆపే ముందు మళ్లీ పెట్రోలు మీదకి తెచ్చి ఆపండి. గ్యాస్ చౌక కదా అని పెట్రోలు బొత్తిగా మానేస్తే కార్బురేటర్ ఎండిపోయి, అవసరానికి మొరాయిస్తుంది. రెండో గేరుకి పెడసరం ఎక్కువ. క్లచ్చి రెండుసార్లు తొక్కితే గానీ పడదు. నా మోకాళ్లు ఆ రెండోసారి తొక్కనివ్వకే అమ్ముకున్నాను.

రోజూ ముందు అద్దం దగ్గర ఒక అగరవత్తి వెలిగించడం మా ఇంటి అలవాటు. కుదిరితే మానొద్దు. ఆ బండిలో ఇంతవరకు కోడిగుడ్డు కూడా ఎక్కలేదు.

పైన ఉండే లగేజీ క్యారియర్ మాత్రం ఊడదీసి ఉంచేసుకున్నాను. ఇన్నేళ్ల గుర్తుకి ఏదో ఒకటి ఉండనీ అని అటక మీద పెట్టాను. ఒక్క కోరిక. కార్తీకమాసంలో ఒక్కసారి రత్నాన్ని అన్నవరం తీసుకెళ్లి కొండ కింద కొబ్బరికాయ కొట్టించండి. ఇన్నేళ్లలో ఒక్క కార్తీకం కూడా తప్పలేదు.

ఇట్లు,
సత్యప్రసాద్


కొత్తమొగ,
జూన్ 28, 2002.

సత్యప్రసాద్ గారికి, తలుపులమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మా ఆయనకి రెండుసార్లు చదివి వినిపించాను. ఆడపిల్లని అత్తారింటికి పంపి వెనకాలే ఉత్తరం రాసినట్టుందన్నాడు. నవ్వాడని కోప్పడకండి. ఆ సాయంత్రమే గ్రీజు డబ్బా పట్టుకుని బండి కింద దూరాడు.

మీరు ఉత్తరం రాయడమే మంచిదయింది. మా ఊళ్లో ఉన్న ఒక్క ఫోనూ చంద్రరావు గారి ఐస్ గోడౌనులో ఉంది. ఆయన వినేలా నేను మాట్లాడలేను. ఎందుకో చెప్తాను. ఊళ్లో సరుకంతా కొనేది ఆయనే. ఆయన చెప్పిందే ధర, ఆయన పెట్టిందే తూకం. నేనూ, సువార్తమ్మ అని మాలో పెద్దామె, ఇంకో ఇద్దరు ఆడవాళ్లం కలిసి, మా సరుకు మేమే రామచంద్రపురం మార్కెట్‌కి తీసుకెళ్లి అమ్ముకోవాలని పట్టుబట్టాం. బస్సులో మా గంపలకి చోటివ్వరు. ఆటోవాళ్లు మమ్మల్ని చూసి దూరం నుంచే చెయ్యి ఊపేస్తారు. అందుకే నలుగురం కూడబలుక్కుని మీ బండి కొన్నాం. మా ఆయన ఇదివరకు చంద్రరావు గారి ఐస్ వ్యానే నడిపేవాడు. మా కోసం అది మానేశాడు.

అంటే ఈ బండి నడిస్తే మేం నడుస్తాం. ఇది మూలపడిన రోజు గంపలు తీసుకెళ్లి మళ్లీ ఆయన కాటా మీద పెట్టి, ఆయన ఇచ్చింది తీసుకుని రావాలి. ఆ పని నేను చెయ్యను. సువార్తమ్మ కూడా బైబిలు మీద చెయ్యేసి చెప్పింది.

రెండో గేరు నిజంగానే పెడసరం. అత్త పోలిక వచ్చినట్టుందని మా ఆయన అంటున్నాడు. ఎవరి అత్తో చెప్పలేదు.

మీరు "రత్నం" అని రాశారు గాబట్టి మేమూ అలాగే పిలుస్తున్నాం. ముందు అద్దం మీద మీరు రాయించిన సత్యదేవుడి పేరు అలాగే ఉంది. పక్కన మా తలుపులమ్మ తల్లి పేరు కూడా రాయించుకోవచ్చా? అగరవత్తి మానలేదు. కార్తీకంలో కొండకి తీసుకెళ్తాం, మాట.

తలుపులమ్మ


పెనుగొండ,
జూలై 14, 2002.

తలుపులమ్మ గారికి,

ఆశీస్సులు. తలుపులమ్మ తల్లి పేరు నిరభ్యంతరంగా రాయించండి. అడగాలా? ఇద్దరు దేవుళ్లుంటే రత్నానికి మరీ మంచిది.

మీ ఆడవాళ్ల పట్టుదల మా ఆవిడ వెంకటదుర్గకి చదివి వినిపించాను. "చూశారా, మీరు ముప్పయ్యేళ్లుగా పంచదార బస్తా ధర దగ్గర కూడా ఏజెంటుకి ఎదురు చెప్పలేదు" అంది. ఉత్తరం చదివి వినిపించడం నాదే పొరపాటు.

మీవి కొబ్బరికాయలని అప్పాజీ చెప్పాడు. కొబ్బరికాయల బరువు గడుసుది. ఎక్కించేటప్పుడు తెలియదు, గతుకులో పడ్డప్పుడు తెలుస్తుంది. వెనక కమాను పట్టీల్లో ఇంకో పట్టీ వేయించండి. డిక్కీలో గ్యాస్ ట్యాంకు ఉంది గాబట్టి దానికి కాయలు దొర్లి తగలకుండా మధ్యలో గోనెసంచులు పరచండి. కాయలు ఒలిచి తీసుకెళ్తే బరువూ తగ్గుతుంది, పీచు మీకు పొయ్యిలోకీ వస్తుంది.

ఇంజను ఆయిలు నల్లబడకముందే మార్చండి. గ్యాస్ మీద నడిచే ఇంజనుకి ఒంట్లో వేడి ఎక్కువ. టాపెట్లు టకటకమంటుంటే కాకినాడలో మంచి మెకానిక్‌కి చూపించండి. బండి చప్పుడు మారినా, తిండి పెరిగినా నాకు రాయండి. ఇక్కడి నుంచే నాడి పట్టి చెప్తాను.

సత్యప్రసాద్


కొత్తమొగ,
ఆగస్టు 11, 2002.

సత్యప్రసాద్ గారికి నమస్కారాలు.

కమాను పట్టీ వేయించాం. బండి ఇప్పుడు నడుం వంచకుండా నడుస్తోంది. రామచంద్రపురంలో మాకంటూ ఒక అరుగు దొరికింది. మొదటి వారం చుట్టుపక్కల వాళ్లు ముఖం చిట్లించారు. ఇప్పుడు సువార్తమ్మ కోసం అడిగి వస్తున్నారు. చంద్రరావు గారు మాత్రం, పాత బండి ఎన్నాళ్లులే, వానాకాలం వెళ్లేసరికి మీరే వస్తారని ఒడ్డున అందరి ముందూ అన్నారు. వింటూనే గంపలు ఎక్కించాను.

ఒక్క సంగతి అడగాలి. డిక్కీ అడుగు రేకు తుప్పు పడుతోంది. కింద వైపు బాగానే ఉంది, లోపలి వైపే పెచ్చులు లేస్తోంది. పొడిగుడ్డతో ఎంత తుడిచినా తెల్లారేసరికి మళ్లీ చెమరుస్తోంది. ఆరిన చోట తెల్లగా పొడి కడుతోంది. రేకు పోతే అడుగున గంపలు నిలవవు. దీనికి ఏం పూయాలో చెప్పండి.

తలుపులమ్మ


పెనుగొండ,
ఆగస్టు 19, 2002.

తలుపులమ్మకు,

వానకి తుప్పు కింద నుంచి పడుతుంది. సముద్రపు గాలికి పైన రంగు మీద పడుతుంది. నీ బండికి లోపల నుంచి పట్టింది. ఆ తెల్లపొడి ఉప్పు. కొబ్బరికాయలు ఉప్పునీళ్లు కార్చవు.

మొగ అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు, ఊరి పేరు చూసైనా నాకు వెలగాల్సింది. మీ సరుకు ఏమిటో రెండు ఉత్తరాల్లో ఒక్కసారైనా రాశావా? కొబ్బరికాయలకి గోనెసంచులు పరవమని, ఒలిచి తీసుకెళ్లమని నేను సలహాలు చెబుతుంటే మీరందరూ చదువుకుని ఎంత నవ్వుకుని ఉంటారో.

మా అమ్మ ఆఖరిసారి కొండకి వెళ్లింది ఆ వెనక సీట్లో. వ్రతం ప్రసాదం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ సీటు వెనకాలే ఇప్పుడు చేపల గంపలు. ఆ వాసన ఎన్ని జన్మలెత్తినా ఆ బండిని వదలదు. సత్యదేవుడి పేరు అద్దం మీద పెట్టుకుని నువ్వు చేస్తున్న పని ఇదా?

మా ఆవిడ నన్నే తప్పు పడుతోంది. "అమ్మేసిన గేదె ఎవరింట ఈనితే మనకేంటండీ" అంటోంది. ఆమెకి గేదె. నాకు అలా కాదు.

కొండకి తీసుకెళ్లమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ బండి ఇక కొండ కిందకి రానక్కర్లేదు. తుప్పుకి ఏం పూయాలో నాకు తెలీదు. ఇక ఉత్తరాలు రాయవద్దు.

సత్యప్రసాద్


కొత్తమొగ,
ఆగస్టు 30, 2002.

సత్యప్రసాద్ గారికి,

రాయవద్దన్నారు. ఇది రాసి తీరాలి గాబట్టి రాస్తున్నాను. చింపేస్తే చింపేయండి, ముందు చదవండి.

అవును, చేపలే. వంజరం, చందువ, కవళ్లు, ఏది పడితే అది. దాచాను. చెప్తే మీరు అమ్మరని తెలిసే దాచాను. అప్పాజీ కొబ్బరికాయలన్నప్పుడు నేను తలొంచుకుని నేల చూశాను, అది కూడా నిజమే. మీకు ముందు ఇంకో ముగ్గురు బండి చూపించి, మా ఊరి పేరు వినగానే అమ్మకం లేదన్నారు. నాలుగో చోట కూడా నోరు విప్పి పోగొట్టుకునేంత తెలివితక్కువదాన్ని కాను. మీ ఉత్తరం చదువుకుని ఎవరూ నవ్వలేదు. కమాను పట్టీ సంగతి మీరు చెప్పబట్టే బండి నిలబడింది.

వాసన గురించి రాశారు. పోయిన వేసవిలో ఒకరోజు, కిందపడి చెయ్యి నొప్పిగా ఉండి, గంప దించి బస్సు మెట్టు మీద పెట్టాను. కండక్టరు కాలితో నెట్టాడు. గంప తిరగబడింది. చేపలన్నీ రోడ్డు మీద. నేను వంగి ఏరుకుంటుంటే బస్సులో వాళ్లు కిటికీలు మూసుకున్నారు. ఒక్కొక్కటీ ఏరి, పక్కన కాలవలో కడిగి, మళ్లీ గంపకెత్తుకుని నడిచాను. ఆ రోజే అనుకున్నాను, ఎవరినీ చోటు అడగక్కర్లేని బండి ఒకటి కొంటానని. అది మీ బండి అవడం దేవుడి పనో అప్పాజీ పనో నాకు తెలీదు.

మీ అమ్మగారి సంగతి చదివి బాధపడ్డాను. ఆ సీటు మీద ఇప్పుడు సువార్తమ్మ కూర్చుంటుంది. ఆమె కొడుకు సముద్రం మీదకి వెళ్లి తిరిగి రాలేదు. ఆమెకి ఆ గంపే అన్నం పెడుతోంది. మీ అమ్మగారు ఉంటే లేచి పొమ్మనేవారా? నేను ఆవిడని ఎరగను, మీరే చెప్పాలి.

బండి అమ్మను. గంపలు దించను. మాట మీరు వెనక్కి తీసుకున్నారు గానీ నేను తీసుకోలేదు. మీకు ఇష్టం లేకపోయినా నెలకొకసారి బండి ఎలా ఉందో రాస్తాను. ఏమీ అడగను. అడిగే హక్కు పోగొట్టుకున్నానని తెలుసు.

తలుపులమ్మ


కొత్తమొగ,
అక్టోబరు 18, 2002.

సత్యప్రసాద్ గారికి,

పోయిన నెల రాసింది చదివారో లేదో తెలీదు. ఇది కూడా అంతే. అడగడానికి కాదు, చెప్పడానికి.

రత్నం బాగుంది. చంద్రరావు గారి వానాకాలం వెళ్లిపోతోంది, మేమింకా వెళ్లలేదు ఆయన దగ్గరకి. టాపెట్లు సరిచేయించాం. ముందు టైర్లు మార్చాం. దసరాకి బండికి పసుపు రాసి దండ వేసి నిమ్మకాయలు తొక్కించాం. రెండో గేరు ఇప్పుడు నాకూ పడుతోంది. అవును, ఆదివారాలు ఒడ్డున ఖాళీ ఇసకలో నేర్చుకుంటున్నాను. మా ఆయన పక్కన కూర్చుని తలుపు గట్టిగా పట్టుకుని దేవుళ్లందరినీ పిలుస్తుంటాడు.

తుప్పుకి మందు మా ఆయనే కనిపెట్టాడు. ఉప్పునీళ్లలో నానే పడవ కన్నా కారు ఎక్కువా అని, డిక్కీ అంతా గీకి, పడవకి చేసినట్టే చేశాడు. అడుగున అక్కడక్కడా చిల్లులుంటే అన్నింట్లో దూది కూరి, పైన తారు పూసి నున్నగా మూసేశాడు. గ్యాస్ ట్యాంకు చుట్టూ అతుకులు కూడా వదల్లేదు. ఇప్పుడు డిక్కీలో నీళ్లు పోస్తే చుక్క కిందకి దిగదు.

వాసన గురించి మీరన్న మాట గుర్తుంది. ముందు అద్దం దగ్గర అగరవత్తికి తోడు, గంపలు ఎక్కించే ముందు డిక్కీలో కూడా ఒకటి వెలిగిస్తున్నాను. తలుపు మూసి కాసేపు పొగ పట్టనిస్తాను. వాసన పోలేదు గానీ మునుపటి కంటే నయం.

గ్యాస్ మాత్రం ఇదివరకులా రావడం లేదు. తొందరగా అయిపోతోంది. బరువు పెరిగిందేమో. సువార్తమ్మకి వెనక సీట్లో కూర్చుంటే తలనొప్పి, కడుపులో తిప్పడం. వయసు మీద పడిందని ఏడిపిస్తున్నాం. ఆమె ఒక పక్క కిటికీకి తల ఆన్చుకుని, నన్ను కాదు మీ తారుని తిట్టండర్రా అంటోంది.

ఇంతే సంగతులు.

తలుపులమ్మ


తంతి
పెనుగొండ, అక్టోబరు 23, 2002

రత్నం కదపవద్దు. అగరవత్తి వద్దు. ఏ నిప్పూ వద్దు. డిక్కీ తెరిచి దూరంగా ఉండండి. బయలుదేరుతున్నాను. సత్యప్రసాద్


కొత్తమొగ,
నవంబరు 1, 2002.

బాబాయిగారికి,

తలుపులమ్మ నమస్కరించి రాస్తున్నది. ఇలా పిలవొచ్చో లేదో మీరు ఉన్న రోజు అడగలేకపోయాను. కాయితం మీద ధైర్యం వచ్చింది.

మీరు వచ్చేలోపు ఇక్కడ ఏం జరిగిందో మీకు తెలీదు. అందరి ముందూ చెప్పబుద్ధి కాలేదు. మీ తంతిని కాకినాడ నుంచి ఫోనులో చదివి చెప్పారట. ఫోను ఎక్కడుందో మీకు తెలుసు. ఆ తెల్లవారి ఒడ్డున పడవలు వచ్చాయి. గంపలు నింపి బండి దగ్గరకి తెచ్చాం. అగరవత్తి తీశాను, అగ్గిపెట్టె చేతిలో ఉంది. అప్పుడు చంద్రరావు గారు గోడౌను దగ్గర నుంచి లుంగీ ఎగ్గట్టుకుని వచ్చారు. "మీ బండి కదపొద్దంట. పెనుగొండ నుంచి కబురొచ్చింది" అన్నారు.

నేను నమ్మలేదు. బండి కొన్నప్పట్నుంచీ ఆయన ఎదురుచూస్తున్నది అదే కదా. పైగా మీరు రాయొద్దన్నవారు, నా ఉత్తరాలకి జవాబే ఇవ్వనివారు. ఆయనే కల్పించి చెప్తున్నారనుకున్నాను. "ఎవరు చెప్పారండీ, ఏమని చెప్పారు?" అని గట్టిగా అడిగాను. ఆయన రాసుకున్న కాయితం తీసి చదివారు. "రత్నం కదపవద్దు... ఈ రత్నం ఎవరో నాకు తెలీదమ్మా" అన్నారు.

ఆ పేరు మీకూ మాకూ తప్ప ఎవరికీ తెలీదు. అగ్గిపెట్టె మా ఆయన చేతికిచ్చి దూరంగా పొమ్మన్నాను. మనుషుల్ని, పిల్లల్ని ఇవతలికి తోలేశాను. చంద్రరావు గారు వెళ్లకుండా నిలబడి, మరి ఈ సరుకు నాకు పోసేయండి అన్నారు. మంచికే అన్నారేమో, అబద్ధం ఎందుకు, ఆ నిమిషంలో ఆయన ముఖంలో వెక్కిరింత లేదు. అయినా పోయలేదు. నలుగురం గంపలు నెత్తిన పెట్టుకుని కాకినాడ దాకా నడిచాం. దొరికిన ధరకి అమ్మాం. సువార్తమ్మ దారంతా పాట పాడుతూనే ఉంది.

మర్నాడు మీరు దిగారు. పంచె ఎగ్గట్టి ఆ డిక్కీలో సగం దూరి, గొట్టం అతుకు మీద సబ్బునురగ రాసినప్పుడు బుడగలు లేవడం నా కళ్లారా చూశాను. ఉప్పునీళ్లు అతుకుని తినేశాయన్నారు. గ్యాస్ గాలి కన్నా బరువు, అడుగునే కూర్చుంటుంది, అది కిందకి పోవడానికే ఆ చిల్లులు అన్నారు. పడవకి చిల్లు మూయడమే మా తాతల నాటి నుంచి వచ్చిన తెలివి. అదే మమ్మల్ని చంపేసేది. గ్యాస్ వాసన పట్టడానికి మా ముక్కుల్లో చేపల వాసన తప్ప ఖాళీ ఎక్కడిది? మీరు ఒక్కొక్క చిల్లులో దూది పీకుతుంటే మా ఆయన గోడ పక్కకి వెళ్లి ఏడ్చాడు. ఆ సంగతి మీకు చెప్పొద్దన్నాడు.

మా ఇంట్లో మంచినీళ్లు తాగుతారో లేదోనని సువార్తమ్మ బోండాం కొట్టించింది. మీరు అది తాగి, మంచినీళ్లు కూడా కావాలని అడిగారు. నా చేత్తో ఇచ్చాను. అది నేను మర్చిపోను.

కాకినాడ మెకానిక్ కొత్త గొట్టం వేశాడు. మీరు చెప్పినట్టు చిల్లులు తెరిచే ఉంచాం. గంపలు డిక్కీలో పెట్టొద్దన్నారు. పెట్టడం లేదు. వెనక సీటు పీకి అక్కడ పెట్టమని మెకానిక్ అంటే, అది మీ అమ్మగారు కూర్చున్న సీటని నేను ఒప్పుకోలేదు. ప్రస్తుతానికి పెట్రోలు మీదే, సగం సరుకుతో, కాళ్ల దగ్గర సర్దుకుని వెళ్తున్నాం. ఏదో ఒక దారి చూస్తాను. మానడం మాత్రం లేదు.

మీ తలుపులమ్మ


పెనుగొండ,
నవంబరు 9, 2002.

చిరంజీవి తలుపులమ్మకు,

బాబాయి ఆశీర్వదించి రాస్తున్నది. ఆ పిలుపుకి కాయితం మీద ధైర్యం వస్తే చాలు, వచ్చింది గాబట్టి ఇక మార్చకు.

నీ పాత ఉత్తరాలు చింపానని అనుకుంటున్నావేమో. చదివాను. సెప్టెంబరు ఉత్తరం కూడా చదివాను. జవాబు రాయకూడదని పౌరుషానికి పోయి, పోస్టుమాన్ వచ్చే వేళకి మాత్రం కొట్టు అరుగు మీదే కూర్చునేవాణ్ణి. అక్టోబరుది చదువుతూ తారు దగ్గర ఆగాను. అగరవత్తి దగ్గరకి వచ్చేసరికి కొట్టు వదిలేసి తంతి ఆఫీసుకి పరుగెత్తాను. వాసన, వాసన అని రాసింది నేను. అందుకే నువ్వు డిక్కీలో నిప్పు పెట్టావు. మా అమ్మ ఉంటే లేచి పొమ్మనేవారా అని అడిగావు కదా. ఆవిడ జరిగి చోటిచ్చేది. నాకే రాలేదు ఆ గుణం.

నీకు తెలియంది నా దగ్గరా ఒకటుంది. మీ ఊరి నుంచి తిరిగి వచ్చేటప్పుడు కాకినాడలో రావులపాలెం బస్సెక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది. నా పంచె, చేతులు, చొక్కా అన్నీ మీ డిక్కీలో మునిగి తేలినవే. పక్కన కూర్చున్నాయన కాసేపు అటూ ఇటూ చూసి, ముక్కు మీద రుమాలు పెట్టుకుని, లేచి వెనక్కి వెళ్లి నిలబడ్డాడు. ముందు సీటులో ఆవిడ కిటికీ తెరిచింది. కండక్టరు నా దగ్గర ఆగి, "పెద్దాయనా, చేపల సంచి ఉంటే వెనక్కెళ్లండి" అన్నాడు. నుదుట బొట్టు పెట్టుకున్న నన్ను. నా సంచిలో ఉన్నది స్క్రూడ్రైవరూ సబ్బు ముక్కా. తీసి చూపించొచ్చు. చూపించబుద్ధి కాలేదు. రావులపాలెం దాకా నా పక్క సీటు ఖాళీగానే వచ్చింది. బస్సు నిండా జనం నిలబడి ఉన్నారు. నేను ఆ ఖాళీ సీటు చూస్తూ కూర్చున్నాను. నువ్వు రోడ్డు మీద ఏరుకున్న చేపలు కనిపించాయి.

ఇంటికి వస్తే మీ పిన్ని గుమ్మంలోనే నీళ్లు పోసింది. స్నానం అయ్యాక అటక నిచ్చెన తెచ్చి గోడకి వేసింది. "మీ మోకాళ్లతో ఎక్కకండి, పక్కింటి వాళ్లని పిలుస్తాను" అంది. ఏం దించాలో నేను చెప్పలేదు, తను అడగలేదు.

క్యారియర్ నిన్న పార్శిల్ లారీలో వేశాను. నీకు ఈ వారంలో అందుతుంది. గంపలన్నీ ఇక పైన. అడుగున టార్పాలిను వేసి, నీళ్లు వెనక్కి జారేలా చూసుకోండి. ముందు అద్దం మీదకి కారనివ్వొద్దు, పల్లంరాజుకి దారి కనపడాలి. డిక్కీలో గ్యాస్ ట్యాంకు ఒక్కటే ఉండాలి. వారానికోసారి అతుకుల మీద సబ్బునురగ రాసి చూడాలి. అగరవత్తి ముందు కూడా వద్దు. దేవుడికి ఒక పువ్వు చాలు.

ఇక కార్తీకం సంగతి. మాట వెనక్కి తీసుకున్నానని రాశాను, నువ్వు తీసుకోలేదన్నావు. ఇప్పుడు ఇద్దరం ఒకే చోటికి వచ్చాం. ఈ నెలాఖరులోపు ఒకరోజు మేమిద్దరం మీ ఊరు వస్తాం. అన్నవరానికి రత్నంలోనే వెళ్దాం. నీ డ్రైవింగ్ కూడా చూస్తాను. పల్లంరాజు లాగా నేనూ తలుపు పట్టుకుని కూర్చుంటాను. మీ పిన్ని పక్కన వెనక సీట్లో సువార్తమ్మ గారు కూర్చోవాలి. ఆవిడ కొండ కిందే ఆగుతానన్నా సరే, ప్రసాదం కిందకి తెచ్చి ఇస్తాం.

కార్తీకంలో సంత పలచనగా ఉంటుంది, ఆ రోజుకి మానేస్తాంలే అని నువ్వు రాస్తావని తెలుసు. మానొద్దు. మా కోసం గంపలు దించి, బండి కడిగి, పసుపు రాసి సిద్ధం చేయొద్దు. తెల్లవారి పడవలు వచ్చాక గంపలు పైకెక్కించు. ముందు రామచంద్రపురం వెళ్దాం. మీ అరుగు మీద సరుకు అమ్మేదాకా నేను పక్కనే కూర్చుంటాను. ఆ తర్వాత అన్నవరం. ఆ వాసనతో దేవుడి దగ్గరికా అంటావేమో, కొండ కింద పంపా నదిలో స్నానం చేయకుండా మేమెప్పుడైనా కొండెక్కామా?

నీ బాబాయి,
సత్యప్రసాద్